అమ్ముడుపోని బంగారం

మా చెల్లె కూతురికి చెవులు కుట్టించిన ఏడు నేను మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవాడిని. వచ్చిన డ్రమ్ములు, పోయిన డ్రమ్ములు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఆ కంప్యూటర్ వల్లే నా కళ్లు నెత్తికెక్కాయి. మా గల్లీలో ఎవరికి రైలు టికెట్ కావాలన్నా, ఎవరి పిల్లల పరీక్ష ఫలితాలు చూడాలన్నా నన్ను పిలిచేవారు. పిలవకపోయినా నేనే వెళ్లేవాడిని. నాకు తెలియని సంగతి ఒకటుందని ఎవరైనా అంటే ముక్కు మీద కోపం వచ్చేది.

చెల్లెను శామీర్‌పేటలో ఇచ్చాం. బావ వాళ్లకు కూరగాయల తోట. ఇంట్లో పెత్తనమంతా చెల్లె అత్తది. చెడ్డ మనిషేం కాదు, కానీ మా ఇంటి నుంచి ఏది వెళ్లినా చూసేది. బాగుంటే పదిమందికి చూపించేది. బాగోకపోయినా పదిమందికి చూపించేది. నాయిన లేడు కనుక మా ఇంటి తరఫున అక్కడ నిలబడాల్సింది నేనే.

మావాళ్లలో పిల్లకు పుట్టు వెంట్రుకలు తీయించి, అదే పూట చెవులు కుట్టిస్తారు. రెండూ మేనమామ ఒడిలోనే జరగాలి. చెవులకు పెట్టే బంగారం మేనమామే తేవాలి. తెచ్చిన రింగుల్ని పసుపు బియ్యం పోసిన పళ్లెంలో పెట్టి, కుట్టేముందు వచ్చిన చుట్టాలందరి దగ్గరికీ తిప్పుతారు. ఒక్కొక్కరూ వాటిని వేళ్లతో ఎత్తి చూసి ఏదో ఒక మాట అంటారు. మామూలు మాటే, కానీ ఆడపిల్ల అత్తింట్లో ఉన్నన్నాళ్లూ ఆ మాట అక్కడే తిరుగుతూ ఉంటుంది. నాకు ఇదంతా తెలియక కాదు. చిన్నప్పటి నుంచి ఎన్ని పళ్లేలు చూడలేదు!

పిల్ల పుట్టగానే అమ్మ పాలు పోసి కూడబెట్టిన డబ్బు నా చేతిలో పెట్టి, బజార్లో మా పాత అవుసలాయనకు ఇచ్చి రింగులు చేయించి ఉంచమంది. నేను ఆమెకు పాఠం చెప్పాను. అవుసలాయన తరుగు తీస్తాడు, మజూరీ తీస్తాడు, రింగులు పెట్టెలో ఊరికే పడి ఉంటాయి, దానికంటే తెలివైన దారి ఉందన్నాను. ఆ దారి నాకు చెప్పింది మా ఆఫీసు అకౌంటెంట్ గారు. కోస్తా నుంచి వచ్చి అల్వాల్ దగ్గర కొత్త కాలనీలో ఉండేవారు. షేర్లలాగే మార్కెట్లో కొనుక్కునే బంగారం కొత్తగా వచ్చిందని, ఈటీఎఫ్ అంటారని, ఒక యూనిట్ కొంటే ఇంచుమించు ఒక గ్రాము బంగారం కొన్నట్టేనని, దొంగల భయం లేదని ఆయన టీ తాగుతూ చెప్పారు. ఏ ఫండ్ మంచిదో మాత్రం తనకు తెలియదనీ, నెట్‌లో పోల్చి చూసుకోవడానికి ఉచితంగా సైట్లున్నాయనీ అన్నారు. చివరి మాట ఒక్కటే నాకు బాగా ఎక్కింది.

అమ్మ నా పాఠమంతా విని, "పిల్ల చెవులకు కంప్యూటర్ల బంగారం పెడ్తవా కొడకా?" అంది. పండుగ నాటికి అమ్మేసి, లాభంతో కలిపి ఇంకా బరువైన రింగులు తెస్తానన్నాను. కంప్యూటర్ అనేసరికి మా ఇంట్లో నాదే ఆఖరి మాట.

అప్పటి నుంచి డ్యూటీ దిగగానే బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్‌కు వెళ్లేవాడిని. ప్లైవుడ్ గదులు, ఒక్కో గదికి పూల కర్టెన్. చుట్టూ ఉన్నవాళ్లు సినిమా పాటలు దింపుకుంటుంటే, చాటింగ్ చేసుకుంటుంటే, నేను బంగారు ఫండ్లను జల్లెడ పట్టేవాడిని. నిజం చెప్పాలంటే ఫండ్లకంటే సైట్లనే ఎక్కువగా పోల్చాను. మూడు సైట్లు దొరికాయి. మొదటిది నక్షత్రాలు ఇచ్చేది. మామూలు ఫండ్లకు మూడూ నాలుగూ నక్షత్రాలు మెరుస్తూ ఉండేవి కానీ, బంగారు ఫండ్లు కొత్తవి కనుక వాటి దగ్గర ఒక అడ్డగీత మాత్రమే ఉండేది. దాన్ని నేను చిన్నచూపు చూశాను. మూడోదాంట్లో ఫండ్ ధర బంగారం ధరకు ఎంత దగ్గరగా నడుస్తుందో గీతలు గీసి చూపించేవారు. మంచిదే, కానీ ఆ గీతలు పూర్తయ్యేలోపు కరెంటు పోయేది, లేకపోతే నా అరగంట అయిపోయేది.

నా మనసు దోచింది రెండోది. అందులో ఎడమ పక్కన గడులుండేవి. బంగారం అని టిక్కు పెడితే జాబితా సగానికి సగం పడిపోయేది. ఏటా తీసుకునే ఖర్చు తక్కువగా ఉండాలని టిక్కు పెడితే ఇంకా కొన్ని రాలిపోయేవి. ఒక్కో టిక్కుకు ఒక్కో ఫండ్ మాయమవుతుంటే ఇంటర్వ్యూలో మనుషుల్ని తిప్పి పంపే పెద్ద ఆఫీసర్‌లా అనిపించేది నాకు. ఒకే ఫండ్‌కు రెండు సైట్లలో రెండు రకాల ఖర్చు కనిపిస్తే, ఏది పాతదో ఏది కొత్తదో కంపెనీ వాళ్ల కాగితం తెరిచి సరిచూసేవాడిని. అలా తప్పు పట్టుకున్న రోజు మధ్యాహ్నం అకౌంటెంట్ గారికి చెప్పి మెప్పు పొందేవాడిని. ఆయన మెచ్చుకున్నారో, టీ చల్లారిపోతోందని తల ఊపారో ఇప్పుడు చెప్పలేను.

చివరికి ఒకే ఒక్క ఫండ్ మిగిలింది. అన్నిటికంటే తక్కువ ఖర్చు, బంగారం ధరతోపాటే నడక. ఆ పేజీని ప్రింటు తీయించి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. అల్వాల్‌లో ఒక బ్రోకర్ ఆఫీసులో ఖాతా తెరిచి అమ్మ డబ్బుతో కొన్నాను. ఒకేసారి దొరకలేదు, విడతలు విడతలుగా దొరికింది. అంత తెలివైన ఫండ్‌ను అమ్ముకోవడానికి ఎవరు ఒప్పుకుంటారులే అనుకున్నాను. కొనేటప్పుడే ఇంత కష్టమైతే అమ్మేటప్పుడు ఎలా అన్న ఆలోచన రాలేదు నాకు. పైగా బంగారం ధర పెరుగుతుంటే నా సొంత డబ్బు కూడా చేర్చి మరికొన్ని కొన్నాను. అప్పటి నుంచి ఏ నెల జీతంలో ఏం మిగిలినా అందులోకే పోయేది.

పిల్లకు పదకొండో నెల వచ్చింది. చెల్లె మేడ్చల్ వచ్చి అమ్మకు బొట్టుపెట్టి, ఆదివారం పొద్దున్నే రమ్మని నాకు చెప్పింది. అమ్మ వచ్చే వీల్లేదు. బర్రె ఈనడానికి ఉంది, దాన్ని వదిలి రాలేదు. పండుగకు ఇంకా వారం ఉందనగా నేను బ్రోకర్ ఆఫీసుకు ఫోన్ చేసి, సైట్లో చూపిస్తున్న ధరకు అమ్మమన్నాను. అక్కడ ఫోన్ ఎత్తే అమ్మాయి సాయంత్రం తిరిగి ఫోన్ చేసి, అమ్ముడుపోలేదని చెప్పింది. మర్నాడూ అదే మాట. మూడో రోజు నాకు ఒళ్లు మండి, సైట్లో ధర నా కళ్లముందే కనిపిస్తోందని, మీకు పని చేతకాకపోతే చెప్పమని గట్టిగా అడిగాను.

"సార్, సైట్ల రేటు వేరే, కొనేటోడు వేరే. మీ ఫండ్‌కు ఇయ్యాల కొనేటోడే లేడు," అంది ఆ అమ్మాయి, ఏ మాత్రం గొంతు పెంచకుండా.

నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. అదే సైటు, అదే పేజీ. అక్కడి తెరలు చిన్నవి, పేజీ కుడివైపు కొంత బయటికి ఉండిపోయేది. ఇన్నాళ్లూ కింద ఉన్న పట్టీని పక్కకు జరపాలని నాకు తోచలేదు. ఆ రోజు జరిపాను. చిట్టచివర ఇంకో గడి ఉంది. రోజూ ఎన్ని యూనిట్లు చేతులు మారుతున్నాయో చెప్పే గడి. మిగతా ఫండ్లకు పెద్ద పెద్ద అంకెలున్నాయి. నా ఫండ్‌కు సున్నా. జేబులోంచి ప్రింటు తీసి చూశాను. కాగితం వెడల్పు సరిపోక ఆ గడి అచ్చే కాలేదు. నక్షత్రాల సైటును, గీతల సైటును, పాత అంకెలు పెట్టినవాళ్లను తప్పుపట్టిన పెద్దమనిషిని, పేజీని ఒక పక్కకు జరిపి చూడలేకపోయాను. పక్క గదిలో ఎవరో నవ్వితే నన్ను చూసే నవ్వారనుకున్నాను.

శుక్రవారం ధర బాగా తగ్గించి పెడితే కొన్ని యూనిట్లు పోయాయి. హమ్మయ్య అనుకుని డబ్బు ఎప్పుడిస్తారని అడిగితే, మధ్యలో శని ఆదివారాలున్నాయి, మంగళవారం ఖాతాలో పడుతుందని చెప్పింది అమ్మాయి. అది కూడా నాకు తెలియదు. శనివారం అవుసలాయన దగ్గరికి వెళ్లాను. ఏడాదిగా ఆయన కొట్టు ముందు నుంచే నడుస్తూ పలకరించనివాడిని, అరువుకు రింగులు అడిగాను. ఆయన కోపగించుకోలేదు. చేసి పెట్టినవి లేవు, సోమవారం రమ్మన్నాడు. వేరే కొట్లో అరువిచ్చేవాడు లేడు. అమ్మకు నిజం చెప్తే చేతి గాజు తీసి ఇచ్చేదే. చెప్పలేకపోయాను. రింగులు తెచ్చావా అని ఆమె అడిగితే తెచ్చానని, జేబు తట్టి చూపించాను. జేబులో ఆ ప్రింటు కాగితం ఉంది.

ఆదివారం పొద్దున బట్టలు, మిఠాయి పట్టుకుని శామీర్‌పేట బస్సెక్కాను. దారంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. బావను పక్కకు పిలిచి కాగితం చూపిస్తాను, పిల్ల పేరు మీద రింగులకంటే ఎక్కువ బంగారమే ఉందని వివరిస్తాను, చదువుకున్నవాడే కదా అర్థం చేసుకుంటాడు అనుకున్నాను. ఇంటి ముందు షామియానా, తోట పనివాళ్లు, చుట్టాలు, వంటల పొగ కనిపించేసరికి ఆ ధైర్యం కాస్తా పోయింది. బావ నీళ్ల డ్రమ్ము మోస్తున్నాడు. అతన్ని ఆపి ఈటీఎఫ్ గురించి ఎలా చెప్పను?

పిల్లను తెచ్చి నా ఒడిలో కూర్చోబెట్టారు. మంగలి వెంట్రుకలు తీశాడు. పిల్లకు స్నానం చేయించి, కొత్త గౌను వేసి మళ్లీ నా ఒడిలో పెట్టారు. అవుసలి సూది కడుగుతున్నాడు. చెల్లె అత్త పసుపు బియ్యం పోసిన పళ్లెం తెచ్చి నా ముందు పట్టుకుని, రింగులు పెట్టమంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముందుకు వంగారు. నా చెయ్యి జేబులోకి పోయింది. కాగితం వేళ్లకు తగిలింది. దాన్ని సగం బయటికి తీశాను కూడా. అది చూసి పళ్లెం పట్టుకున్న ఆమె ఏంది అన్నట్టు కళ్లు చిట్లించింది. భూమి నన్ను మింగేస్తే బాగుండునని అంటారే, అలాగే కోరుకున్నాను, ఒడిలో పిల్ల ఉందన్న సంగతి కూడా మరచి.

చెల్లె నా మొహం చూసింది. ఒక్క చూపే.

"అత్తమ్మా, అన్న రింగులు నేను మొన్న మేడ్చల్ పోయినప్పుడే నా చేతికిచ్చిండు. బీరువల వెట్టిన. తెస్త ఉండుండ్రి," అంది.

లోపలికి వెళ్లి వచ్చింది. వచ్చేసరికి తలారబోసుకున్నట్టు జుట్టు చెవుల మీదుగా వదిలేసి ఉంది. పళ్లెంలో రెండు చిన్న రింగులు పెట్టింది. పసుపు దట్టంగా పూసి ఉన్నాయి. ఇంకెవరూ పోల్చలేకపోవచ్చు, సన్నటి రింగులు అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉంటాయి. నేను పోల్చాను. చెల్లె పెద్దదయ్యాక చెవికి పైన రెండో కుట్టు కుట్టించినప్పుడు అమ్మ చేయించినవి. వేసుకుని వేసుకుని ఒక పక్క అరిగిపోయాయి.

పళ్లెం తిరిగింది. చుట్టాలు ఎత్తి చూశారు. చెల్లె అత్త రింగుల్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ వినిపించేలా, "చూసిండ్రా, మేనమామ అంటే గిట్లుండాలె. అడగకముందే తెచ్చిచ్చిండు," అంది. ఎవరో ముసలాయన నా భుజం తట్టాడు. నేను తల వంచుకుని పిల్లను గట్టిగా పట్టుకున్నాను. కుట్టేటప్పుడు పిల్ల కెవ్వుమని ఏడ్చి నా వేలు పట్టుకుంది. మామ కళ్లలో కూడా నీళ్లొచ్చాయని ఆడవాళ్లు మురిసిపోయారు. ఎందుకొచ్చాయో వాళ్లకు ఎలా చెప్పను? భోజనాల దగ్గర చెల్లె వడ్డిస్తూ వంగినప్పుడు జుట్టు పక్కకు తొలగింది. చెవి పైకుట్టు ఖాళీగా ఉంది. నేను విస్తరిలోకి చూస్తూ తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

తర్వాత మిగిలిన యూనిట్లన్నీ వచ్చిన ధరకే వదిలించుకున్నాను. బాగానే దెబ్బ తిన్నాను, కానీ ఆ బాధ నాకు పెద్దగా తగల్లేదు. అవుసలాయన దగ్గర కూర్చుని రింగులు చేయించాను, చెల్లెవాటికంటే కాస్త బరువుగా. ఎర్ర కాగితంలో చుట్టించుకుని మళ్లీ శామీర్‌పేట వెళ్లాను. చెల్లె చేతిలో పెట్టేస్తే అయిపోతుంది, మళ్లీ తలెత్తుకోవచ్చు అన్నది నా లెక్క.

వెళ్లేసరికి చెల్లె అత్త వరండాలో వంకాయలు ఏరుతోంది. నన్ను చూసి సంతోషంగా కుర్చీ వేసింది. చెల్లె టీ తెచ్చింది. చెవి పైకుట్లు పూడిపోకుండా రెండు ఈనెపుల్లలు గుచ్చుకుని ఉంది. అవి చూడగానే చెల్లె అత్త నాతో మొరపెట్టుకోవడం మొదలుపెట్టింది. మీ అమ్మ పెట్టిన బంగారం, తోటలో మడి కడుతుంటే ఒకటి ఎక్కడో ఊడిపోయిందట, రెండోది తీసి ఎక్కడ పెట్టిందో అదీ కనిపించడం లేదట, నాలుగు రోజులు తోటంతా వెతికించామని చెప్పింది. అమ్మకు కూడా చెల్లె అదే మాట చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

"చెవులకున్నది ఊడి పడితె తెల్వదా కొడకా? నేనంటె అత్త గనుక అంటాందనుకుంటది. నువ్వన్న జెప్పు నీ చెల్లెకు," అంది.

నా చొక్కా జేబులో కొత్త రింగులున్నాయి. ఒక్క మాట చాలు. చెల్లె గుమ్మానికి ఆనుకుని నా వైపే చూస్తోంది. తల అడ్డంగా కొంచెం ఊపింది, ఊపినట్టు కూడా కనబడకుండా. నేను నోరు తెరిచాను.

"సోయి ఉండాలె గద చెల్లె. బంగారం గట్ల పోగొట్టుకుంటరా?" అన్నాను.

ఆ గొంతు నాదే. పెద్దన్న గొంతు, మందలించే గొంతు. చెల్లె తల దించుకుని, ఇగ నుంచి జాగ్రత్తగా ఉంటానంది. చెల్లె అత్తకు తృప్తి కలిగింది. టీ తాగి వెళ్లమంది. తాగాను.

బస్సు దాకా పంపుతానని చెల్లె చంకలో పిల్లతో నా వెంట వచ్చింది. తోట దాటాక ఎర్ర కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. పిల్ల దాని కోసం చెయ్యి చాచింది. చెల్లె పిల్ల చేతిని వెనక్కి లాగింది. దొరికాయని చెప్పమన్నాను. పాతవి అరిగినవి, ఇవి కొత్తవి, అత్త గుర్తుపట్టకుండా ఉంటుందా అంది. నేను కొత్తగా పెట్టానని చెప్పమన్నాను. తల్లికీ బిడ్డకూ ఇన్నిన్నిసార్లు పెట్టడానికి మీ అన్నకు ఏమొచ్చింది అని అడుగుతుంది, అడగడం మొదలుపెడితే వదిలే మనిషి కాదు అంది. నేను ఇంకేదో చెప్పబోతే ఆపింది.

"అత్త నన్ను తిడితె గా పూటకే అన్నా. నీ సంగతి తెలిస్తె నా బిడ్డ పెండ్లిదాంక అంటది. తీస్కపో."

మేడ్చల్ బస్సు మలుపు తిరిగింది. పొట్లం నా చేతిలోనే ఉంది. మందలించినందుకు ఏమనుకోకని చెప్పబోయి, పొట్లాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆమెకు అర్థమైంది. పిల్లను భుజం మార్చుకుని, నన్ను ఊరడించడానికన్నట్టు నవ్వింది.

"నువ్వు గూడ తిట్టినవ్ గద, మంచిగైంది. ఇగ అత్తకు అనుమానం రాదు," అంది.

నేను బస్సెక్కాను.